నిండు సిలిండర్ రెండు రోజుల్లో ఎలా అయిపోయింది? ఒక క్యాంపర్ బండి కేసు

నేను వరంగల్, హనుమకొండల్లో హోటళ్లకు, హాస్టళ్లకు, ఫంక్షన్ హాళ్లకు గ్యాస్ పైపులైన్లు వేస్తుంటాను. నాలుగైదు సిలిండర్లను ఒకే లైనుకు కలపడం నాకు రోజూ ఉండే పని. బండిలో బిగించిన గ్యాస్ లైను మాత్రం అరుదుగా నా దగ్గరికి వస్తుంది. ఈ కేసులో ఏ పరికరమూ చెడిపోలేదు. అన్నీ వాటి పని అవి సరిగ్గానే చేశాయి. అయినా ఒక కుటుంబం చలికాలం తెల్లవారుజామున, అడవి దారిలో, చిన్నపిల్లతో గ్యాస్ లేకుండా నిలబడిపోయింది. అందుకే దీన్ని వివరంగా రాయాలనిపించింది. వాళ్ల అనుమతి తీసుకున్నాను. మనుషులను గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను.

బండి, మనుషులు

ఇద్దరూ రిటైరైన దంపతులు, అరవై దాటిన వాళ్లు. ఒక ట్రావెలర్ వ్యానును క్యాంపర్‌గా మార్పించుకున్నారు. లోపల రెండు పడకలు, రెండు బర్నర్ల స్టవ్, చిన్న స్నానాల గది, అందులో నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గ్యాస్ గీజర్. మార్పులు ఆర్‌సీలో ఎక్కాయా అని ముందే అడిగాను, ఎక్కాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండగా అది చూడకుండా ఇలాంటి బండి మీద నేను చెయ్యి వెయ్యను.

వెనక ఎడమ పక్కన, బయటికి తెరుచుకునే ఇనుప పెట్టెలో రెండు 5 కిలోల సిలిండర్లు. ఇంటి కనెక్షన్ మీద ఇచ్చే 14.2 కిలోల సిలిండర్ ఆ ఇంటి వంటకు ఇచ్చింది కాబట్టి బండిలో పెట్టలేదు. చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో కూడా దొరుకుతుంది, ఈ వయసులో వాళ్లే ఎత్తి దించుకోగలరు. ఆ ఎంపిక సరైనదే.

రెండు సిలిండర్ల మధ్య ఆటోమేటిక్ చేంజోవర్ వాల్వ్ ఉంది. అది అమెరికాలో ఉంటున్న వాళ్ల కొడుకు తెచ్చింది. అక్కడి క్యాంపర్లకు ముందు భాగంలో 20 పౌండ్ల, అంటే సుమారు 9 కిలోల ప్రొపేన్ సిలిండర్లు రెండు పెట్టి, మధ్యలో ఈ వాల్వ్ బిగించడం మామూలే. మన సిలిండర్ల నోటికి అది నేరుగా కూర్చోదు. బండి తయారు చేసిన వాళ్లు అడాప్టర్లు పెట్టి కలిపారు.

ఈ వాల్వ్ పని చేసే తీరు తెలియకపోతే మిగతాది అర్థం కాదు. నాబ్ ఏ సిలిండర్ వైపు తిప్పితే అది సర్వీస్, రెండోది రిజర్వ్. లోపల రెండు వైపులకూ వేర్వేరు ప్రెషర్ సెట్ అయి ఉంటుంది, సర్వీస్ వైపు కొంచెం ఎక్కువ, రిజర్వ్ వైపు కొంచెం తక్కువ. సర్వీస్ నుంచి తగినంత ప్రెషర్ వస్తున్నంతసేపు రిజర్వ్ వైపు దారి మూసుకునే ఉంటుంది. సర్వీస్ ప్రెషర్ రిజర్వ్ సెట్టింగు కంటే కిందికి పడగానే రిజర్వ్ దారి దానంతట అదే తెరుచుకుంటుంది. చిన్న కిటికీలో ఆకుపచ్చ గుర్తు ఎర్రగా మారుతుంది. స్టవ్ మీద మంట మాత్రం ఆరదు. ఆ సౌకర్యం కోసమే జనం దీన్ని కొంటారు.

వాళ్లు చెప్పిన సమస్య

అక్టోబర్‌లో దంపతులిద్దరే రామప్ప, లక్నవరం వైపు తిరిగి వచ్చారు. ఒక్క సిలిండరే పది రోజుల దాకా వచ్చింది. డిసెంబర్ చివర్లో కూతురు, అల్లుడు, మనవరాలితో కలిసి ఐదుగురు జన్నారం మీదుగా ఉట్నూరు, కుంటాల వైపు వెళ్లారు. రెండూ నిండు సిలిండర్లే. రోజూ సాయంత్రం సార్ పెట్టె తెరిచి కిటికీ చూసేవారు, ఆకుపచ్చగానే ఉండేది. ఏడో రోజు సాయంత్రం ఎరుపు కనిపించింది. సర్వీస్ అయిపోయిందని నాబ్ రెండో వైపు తిప్పారు. ఇంకో నిండు సిలిండర్ ఉంది కదా, ఖాళీది మళ్లీ మార్చుకోవచ్చులే అనుకున్నారు. తొమ్మిదో రోజు పొద్దున పిల్లకు పాలు కాస్తుండగా మంట ఆరిపోయింది.

"నిండు సిలిండర్ తమ్ముడూ, మేమే ఏజెన్సీల తెచ్చుకున్నం. రెండు రోజులల్ల ఎట్ల ఒడుస్తది?" అని మేడమ్ అడిగారు. మొత్తం కేసు ఆ ప్రశ్నలోనే ఉంది.

నా దగ్గరికి వచ్చేలోపు రెండు ప్రయత్నాలు జరిగాయి. బండి తయారు చేసిన వాళ్లు అమెరికా వాల్వ్‌దే తప్పని దాన్ని తీసి ఇక్కడ దొరికే ఇంకో చేంజోవర్ పెట్టారు. సంక్రాంతి తర్వాత వెళ్లిన ట్రిప్పులో మళ్లీ అదే కథ. అప్పుడు ఏజెన్సీలో తక్కువ తూకం సిలిండర్ ఇచ్చారని అనుమానపడి గొడవ పెట్టుకున్నారు. వాళ్ల ముందే తూకం వేయించారు, సరిపోయింది. రెండు వేర్వేరు కంపెనీల వాల్వులు ఒకే రకంగా ప్రవర్తిస్తే వాల్వును పక్కన పెట్టి వెతకాలి. అక్కడి నుంచి నా పని మొదలైంది.

మొదట గీజర్

గ్యాస్ ఎటు పోతోందో చూసే ముందే నేను స్నానాల గదిలోని గీజర్ తీయించాను. తలుపు వేస్తే గాలి ఆడని చిన్న గది, పొగ బయటికి పోవడానికి గొట్టం లేదు. అలాంటి చోట గీజర్ వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, కళ్లు తిరిగే లోపు మనిషి కూలబడిపోతాడు. గ్యాస్ అయిపోతే ఇబ్బంది, ఇది ప్రాణం. సార్ కొంచెం నొచ్చుకున్నారు, అంత ఖర్చు పెట్టి టైల్స్ వేయించుకున్న గది అది. అయినా దాన్ని అక్కడే ఉంచి మిగతా పని చేయనని చెప్పాను. గీజర్‌ను వెనక తలుపు బయట, రేకు నీడ కింద ఆరుబయట బిగించాం. నీళ్లు మాత్రం పైపులో లోపలికి వస్తాయి.

లీకు అనుకున్నాను

తర్వాత మా ఫీల్డులో అందరూ చేసేదే చేశాను. స్టవ్ వైపు లైనుకు, ప్రెషర్ కొలవడానికి, నీళ్లు నింపిన యు ట్యూబు కలిపాను. మన గృహ పరికరాలు దాదాపు 30 మిల్లీబార్ల మీద నడుస్తాయి, ట్యూబులో అది సుమారు 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. అమెరికా వాల్వ్ మళ్లీ పెట్టి చూస్తే 28 వచ్చింది. అక్కడి లెక్క 11 అంగుళాల నీటి ఎత్తు, అంటే దాదాపు 28 సెంటీమీటర్లు కాబట్టి అది సరైనదే, మన స్టవ్‌కు ఆ కొద్ది తేడా అడ్డం కాదు. సిలిండర్లు మూసి పది నిమిషాలు చూశాను, నీళ్లు కదల్లేదు. లోపలి లైనులో లీకు లేదు.

తర్వాత హై ప్రెషర్ వైపు, అంటే సిలిండర్ల నుంచి వాల్వ్ దాకా, సబ్బు నీళ్లు పూశాను. రిజర్వ్ అడాప్టర్ దగ్గర బుడగలు వచ్చాయి. రబ్బరు రింగు చీలింది. దొరికింది దొంగ అనుకున్నాను. రింగు మార్చి పంపించాను.

అక్కడ నేను తొందరపడ్డాను. రింగు మార్చడం తప్పనిసరి, కానీ కారణం అదే అనుకోవడం తప్పు. ఒక్క లెక్క వేసి ఉంటే తెలిసేది. రిజర్వ్‌లోంచి ఏడు రోజుల్లో రెండున్నర కిలోలకు పైగా మాయమైంది. అంటే గంటకు 15 గ్రాములు, ఆవిరి లెక్కలో గంటకు ఆరేడు లీటర్ల గ్యాస్. అంత గ్యాస్ రాత్రింబవళ్లు కారితే పెట్టె తెరిచిన ప్రతిసారీ వాసన గుప్పుమనాలి. ఐదుగురిలో ఒక్కరికీ వాసన రాలేదు. నాకు కనిపించిన బుడగలు ఆ లెక్కలో పదో వంతు కూడా కావు.

రింగు మార్చినా అనుమానం మిగిలే ఉంది కాబట్టి ఒక మంచి పని మాత్రం చేశాను. కొక్కేనికి వేలాడదీసే తూకం కాటా ఒకటి ఇచ్చి, రాత్రి పడుకునే ముందు, తెల్లవారి లేవగానే, స్నానాలయ్యాక రెండు సిలిండర్లనూ తూచి పుస్తకంలో రాయమన్నాను. పైపు విప్పినప్పుడల్లా సబ్బు నీళ్ల పరీక్ష ఎలా చేయాలో కూడా నేర్పాను. వాళ్లు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లి నాలుగు రోజుల తర్వాత ఆ పుస్తకం తెచ్చారు. మేడమ్ చేతిరాత, ముత్యాల్లా ఉంది.

రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఐదింటి దాకా రెండు సిలిండర్లలో ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. లీకు అన్న మాట అక్కడితో ముగిసింది. ఆరు నుంచి ఎనిమిది మధ్య, స్నానాల వేళ, సర్వీస్ సిలిండర్ 300 గ్రాములు తగ్గింది. రిజర్వ్ 350 గ్రాములు తగ్గింది. సర్వీస్‌లో ఇంకా రెండు కిలోలకు పైనే గ్యాస్ ఉంది. అంత ఉండగా రిజర్వ్ ఎందుకు తెరుచుకుంది?

వంటవాళ్లు చేసే పని గుర్తొచ్చింది

పెళ్లి వంటలు చూసిన వాళ్లకు ఇది తెలుసు. పెద్ద డేగిసా కింద బట్టీ పొయ్యి ఫుల్లుగా పెడితే కాసేపటికి సిలిండర్ కింది భాగానికి చెమట పడుతుంది, చలికాలమైతే తెల్లగా మంచు కడుతుంది. మంట తగ్గిపోతుంది. సిలిండర్ ఊపితే లోపల గ్యాస్ గలగలలాడుతూనే ఉంటుంది. అప్పుడు వంటవాళ్లు వేడినీళ్ల టబ్బులో దాన్ని నిలబెడతారు, కొందరు పక్కకు పడుకోబెడతారు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి వస్తుంది, అంతకంటే ప్రమాదం లేదు. ఎన్ని ఫంక్షన్ హాళ్లలో చెప్పానో లెక్క లేదు.

లోపల జరిగేది ఇది. సిలిండర్‌లో ఉండేది ద్రవం. అది ఆవిరైతేనే మనకు గ్యాస్. ఆవిరవడానికి వేడి కావాలి, ఆ వేడి సిలిండర్ గోడల్లోంచి, బయటి గాలిలోంచి రావాలి. మెల్లగా వాడితే గాలి ఇచ్చే వేడి సరిపోతుంది. జోరుగా వాడితే ద్రవం తన వేడినే ఖర్చు పెట్టుకుని చల్లబడుతుంది, చల్లబడితే ప్రెషర్ పడిపోతుంది. మన ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా మరుగుతూనే ఉంటుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే మరగడం మానేస్తుంది. పైగా వాడుతున్న కొద్దీ ప్రొపేన్ ముందు వెళ్లిపోయి అడుగున బ్యూటేన్ ఎక్కువగా మిగులుతుంది. సగం వాడిన సిలిండర్ చలికి ఇంకా బలహీనం. అమెరికాలో ఆ క్యాంపర్లకు పోసేది 90 శాతానికి తగ్గకుండా ప్రొపేన్, పైగా సిలిండర్ పెద్దది. అక్కడ మంచులో కూడా ఇబ్బంది పడని వాల్వ్ ఇక్కడ ఉట్నూరు చలిలో తడబడటానికి ఇదే కారణం. ఆదిలాబాద్ ప్రాంతంలో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున సింగిల్ డిజిట్‌కు దిగడం ప్రతి ఏడాదీ ఉండేదే.

ఇప్పుడు గీజర్ లెక్క. అది పూర్తిగా వెలిగితే దాదాపు 12 కిలోవాట్లు, అంటే గంటకు 900 గ్రాములకు పైన గ్యాస్. స్టవ్ మీద ఒక బర్నర్ మామూలు మంటకు అందులో ఆరేడో వంతు కూడా తీసుకోదు. ఐదుగురు వరసగా స్నానం చేస్తే నలభై నిమిషాలు. 5 కిలోల చిన్న సిలిండర్ గోడలు ఎంతని వేడి పీల్చుకుంటాయి? సర్వీస్ ప్రెషర్ పడిపోయింది, వాల్వ్ అది ఖాళీ అయిందనుకుని రిజర్వ్ తెరిచింది. స్నానాలు అయ్యాయి, ఎండ వచ్చింది, సర్వీస్ మళ్లీ వేడెక్కి ప్రెషర్ పుంజుకుంది, ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. సార్ సాయంత్రం చూసినప్పుడు ఆకుపచ్చే ఉంటుంది మరి. ఏడు రోజులూ రిజర్వ్ తరుగుతూనే ఉంది, అది నిండుగా ఉందని అందరూ నమ్ముతూనే ఉన్నారు.

ఇది నా ఊహ మాత్రమే కాకూడదని మా షెడ్డు ముందు ఆరుబయట పరీక్ష చేశాను. సగం వాడిన సర్వీస్ సిలిండర్‌ను రాత్రంతా మంచుగడ్డల టబ్బులో నిలబెట్టి, పొద్దున తీసి, తుడిచి, లైనుకు బిగించి గీజర్ వెలిగించాం. పదకొండో నిమిషంలో కిటికీ ఎర్రబడింది. గీజర్ ఆపి, ఎండలో సిలిండర్‌ను అలాగే వదిలేశాం. అరగంట తర్వాత కొద్దిసేపు స్టవ్ వెలిగించి చూస్తే ఆకుపచ్చ. సార్ ఏమీ అనకుండా ఆ కిటికీ వైపే చాలాసేపు చూశారు.

ఏం చేయాలి

పెద్ద సిలిండర్ పెడితే గోడల వైశాల్యం పెరుగుతుంది, సమస్య తగ్గుతుంది. కానీ 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఆ పెట్టెలో పట్టదు, నిండుగా ఉన్నదాన్ని ఈ దంపతులు ఎత్తలేరు. రెండు సిలిండర్లనూ ఒకేసారి తెరిచి వాడటం ఇంకో దారి. భారం చెరి సగం అవుతుంది. అయితే రెండూ ఒకేసారి అయిపోతాయి, మూడోది వెంట ఉండాలి. దాన్ని పెట్టడానికి పడకల కింద తప్ప చోటు లేదు. గాలి కంటే బరువైన గ్యాస్‌ను మనుషులు పడుకునే చోట పెట్టనివ్వను. ఆ దారీ మూసుకుంది.

మూడోది, రిజర్వ్ అడాప్టర్ నాబ్ మూసే ఉంచడం. అప్పుడు రిజర్వ్ చచ్చినా తరగదు. అయితే ఆటోమేటిక్ వాల్వ్ ఉండీ లేనట్టే, సర్వీస్ అయిపోతే మంట ఆరుతుంది, దిగి వెళ్లి చేత్తో తెరవాలి. వాళ్లకు ఆ రెండు నిమిషాలు ఇబ్బంది కాదన్నారు. ఒక చలి పొద్దున అలా మూసి ప్రయత్నించారు. స్టవ్‌కు ఏ ఇబ్బందీ రాలేదు. గీజర్ మాత్రం మూడో మనిషి స్నానం మధ్యలో ఆరిపోయింది, సబ్బు ఒంటి మీదుండగా చన్నీళ్లు. అల్లుడు తొందరలో సిలిండర్ మీద మరిగిన నీళ్లు పోయబోతే సార్ ఆపారట. ఆ సంగతి విని, ప్రెషర్ పెంచడానికి సిలిండర్‌ను ఏ రకంగానూ వేడి చేయొద్దని పెట్టె మూత మీదే పెయింటుతో రాయించాను.

నేను ఇంకా వాల్వుల చుట్టూనే ఆలోచిస్తున్నాను. దారి చూపింది మేడమ్. "చలికాలం గీజర్ ఎందుకు తమ్ముడూ, మనింట్ల బకెట్ నీళ్లే కద పోసుకునేది. రాత్రి వంటయినంక సన్న మంట మీద నీళ్లు పెట్టుకుంట" అన్నారు. లెక్క వేశాను. గీజర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే దాదాపు 48 లీటర్లు, బకెట్‌కు 15 లీటర్లు. అవే నీళ్లను సన్న మంట మీద కాస్తే సిలిండర్ చల్లబడే వేగం రాదు. వేడి నిలిచే స్టీలు క్యాన్ ఒకటి కొన్నారు, రాత్రి కాచిన నీళ్లు తెల్లారేసరికి గోరువెచ్చగా ఉంటాయి, ఒక గిన్నెడు మరిగిన నీళ్లు కలిపితే చాలు. వాడకం తగ్గింది, వేగం ఇంకా తగ్గింది.

కాబట్టి చివరికి కుదిరింది ఇలా. చలి నెలల్లో గీజర్ కనెక్షన్ మూసి ఉంటుంది, రిజర్వ్ నాబ్ కూడా మూసే ఉంటుంది. మార్చి నుంచి రెండూ తెరుస్తారు. సిలిండర్‌కు, వాల్వుకు మధ్య ఒక్కో వైపు ఒక్కో ప్రెషర్ గేజ్ పెట్టాను. గేజ్ పెట్టేటప్పుడు సార్‌కు ఒక మాట రెండుసార్లు చెప్పాను: ఇది గ్యాస్ ఎంత ఉందో చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతసేపు ముల్లు చలిని, వేడిని, మిశ్రమాన్ని బట్టి ఆడుతుంది. ఎంత ఉందో తూకమే చెప్పాలి. సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువును కాటా మీద వచ్చిన బరువులోంచి తీసేయడం, అంతే. గేజ్ ఉపయోగం వేరు, గీజర్ వెలిగి ఉండగా సర్వీస్ ముల్లు వేగంగా పడిపోతుంటే వాల్వ్ మారబోతోందని ముందే తెలుస్తుంది. పనిలో పనిగా పెట్టె అడుగున గాలి రంధ్రాలు పెద్దవి చేశాను, లోపల నేల దగ్గర 12 వోల్టుల గ్యాస్ అలారం పెట్టాను, రబ్బరు పైపులు మార్చాను.

ఈ కేసు తర్వాత నా అలవాట్లు కూడా కొన్ని మారాయి. ఆటో చేంజోవర్ ఉన్న చోట గ్యాస్ త్వరగా అయిపోతోందంటే సబ్బు నీళ్ల కంటే ముందు తూకం అడుగుతున్నాను, ముఖ్యంగా ఏ గంటలో తగ్గిందో. గీజర్ ఎన్ని లీటర్లది, సిలిండర్ ఎన్ని కిలోలది, ఎక్కడికి, ఏ నెలలో వెళ్తున్నారు అని రాసుకుంటున్నాను. ఆకుపచ్చ గుర్తు అర్థం ఏమిటో కస్టమర్‌కు చేత్తో చూపించి చెబుతున్నాను: ఈ నిమిషంలో సర్వీస్ నుంచి చాలినంత ప్రెషర్ వస్తోంది, అంతవరకే. రిజర్వ్ ముట్టుకోలేదని అది చెప్పదు. ఒకప్పుడు చేత్తో సిలిండర్ మార్చే రోజుల్లో మంట ఆరినప్పుడే మనిషికి లెక్క తెలిసేది. ఆటోమేటిక్ వాల్వ్ ఆ క్షణాన్ని తీసేసింది. దాని బదులు ఇంకోటి ఇవ్వకుండా బిగించి వెళ్లిపోవడం సగం పని చేయడమేనని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాతి డిసెంబర్‌లో వాళ్లు అదే ఐదుగురు, అదే దారిలో వెళ్లారు. మేడమ్ పుస్తకం మళ్లీ తెచ్చి చూపించారు. సర్వీస్ ఏడో రోజు రాత్రి వంట మధ్యలో అయిపోయింది. రిజర్వ్ బరువు ఆ రాత్రి కూడా హనుమకొండలో బయలుదేరిన రోజు రాసిన అంకే. నాబ్ తెరిచి వంట పూర్తి చేశారు, మర్నాడు నిర్మల్‌లో ఖాళీది మార్చుకున్నారు. ఒక్కటే ఫిర్యాదు, అడవి రోడ్డు కుదుపులకు ఎడమ గేజ్ ముల్లు వణికి వణికి నిలబడటం మానేసింది. దాన్ని తీసి గ్లిసరిన్ నింపిన గేజ్ పెట్టాను. సబ్బు నీళ్లు పూసి చూశాను, బుడగలు లేవు.